దక్షిణ అమెరికా యాత్ర – వ్యయవిచారము

దక్షిణ అమెరికాఖండమునకు పోయి వచ్చితిమని చెప్పగానే వినినవారు మొదట అడుగు ప్రశ్న "ఏమేమి చూచితిరి?" అని కాదు, "ఎంత ఖర్చయినది?" అని. ఈ ప్రశ్నను నేను తప్పుపట్టను. సంసారము నడపు స్త్రీకి రూపాయి విలువ తెలిసినంతగా మఱియెవ్వరికిని తెలియదు. మా వదినగారును నేనును ఈ యాత్రకై నాలుగేండ్లు చీటీ కట్టి సొమ్ము కూడబెట్టితిమి. వదినగారు ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నారు, వయస్సు 63. నాకు 57. మా యిరువురికిని వెనుక ఆస్తులు లేవు. పోయిన సొమ్ము మరల సంపాదించు వయస్సును కాదు. కావున ప్రతి రూపాయయు ఎచ్చట పోవునో ముందుగా తెలిసికొనక కదలరాదని నిశ్చయించుకొంటిమి. ఆ విచారములో తెలిసిన సంగతులను, 2025వ సంవత్సరము మే నెలలో పెరూ, బొలీవియా దేశములలో తిరిగినప్పుడు కంటితో చూచిన సంగతులను సోదరీమణులకు ఉపయోగపడునేమో యని వ్రాయుచున్నాను.

ఒక యాత్రాసంస్థవారు పెరూ, అర్జెంటీనా, బ్రెజిలు దేశములను పదుమూడు దినములలో చూపుదుమనియు, మనిషి యొక్కింటికి 4,80,000 రూపాయలగుననియు చెప్పి ఒక పట్టిక యిచ్చిరి. వదినగారు దానిని ఇంటికి తెచ్చి, కిరాణాకొట్టు చీటీని సరిచూచినట్లు, పెన్సిలుతో పంక్తి పంక్తియు గీయుచు చదివిరి. నాలుగు విమానప్రయాణములు, నక్షత్రములుగల హోటళ్లు, ప్రతి యూరను ఒక కారు, ఒక మార్గదర్శకుడు. లెక్కలో తప్పేమియు లేదు. కాని అందులో ఇంచుమించు సగము సొమ్ము దినములను మిగుల్చుకొనుటకై పోవుచున్నది. రెండు వారములే సెలవు దొరకు ఉద్యోగికి అది యవసరమే. అతడు ధనమిచ్చి కాలమును కొనుచున్నాడు. మాకట్లు కాదు. కాలము కావలసినంత కలదు, ధనమే కొంచెము. అందుచేత ఆ పట్టికను తలక్రిందులు చేసితిమి: పదుమూడు దినములకు మారుగా ఇరువదినాలుగు, మూడు దేశములకు మారుగా రెండు, విమానమునకు మారుగా బస్సు.

పటము ముందిడుకొని కూర్చుండిననేగాని ఆ ఖండమెంత పెద్దదో మనస్సునకెక్కదు. కాశ్మీరమునుండి కన్యాకుమారివఱకు సుమారు 3,200 కిలోమీటర్లు. దక్షిణ అమెరికా ఉత్తరపు కొననుండి దక్షిణపు కొనకు సుమారు 7,500. రియో నగరపు సముద్రతీరము, ఇగువాసు జలపాతము, అమెజాను అడవి, మాచుపీచు – అన్నియు ఒక్క యాత్రలోనే కావలెననుట కాశీ, ద్వారక, రామేశ్వరము, కామాఖ్య ఒక్క వారములో సేవింపబూనినట్లే. చూచునది తక్కువ, దారిలో పోయునది యెక్కువ. పటముమీద వేలితో ఒక గీత గీయవలెను. ఆ గీత ముందునకే పోవలెనుగాని వెనుకకు తిరుగరాదు. మా గీత పెరూ రాజధానియగు లీమాలో మొదలై అరెకిపా, కుస్కో, పునో మీదుగా బొలీవియాలోని లా పాజ్ నగరమున ముగిసినది. దిగిన యూరికే మరల వచ్చి విమానమెక్కవలెనను నియమము లేదు. ఒక నగరమున దిగి వేఱొక నగరమున ఎక్కునట్లు ఒక్కటే టిక్కెట్టుగా అడిగినచో ఇత్తురు. అట్లు చేయనిచో లా పాజ్ నుండి లీమాకు మరల రాకడకే రెండు దినములును ఒక పెద్ద మొత్తమును వ్యర్థమగును.

మన తెలుగువారికి ఈ యాత్రలో ఒక సౌకర్యము కలదు. దానిని పలువురు గుర్తింపరు. హైదరాబాదునుండి గాని, విజయవాడనుండి గాని లీమాకు పోవుటకు దోవలో విమానములు మారవలెను, ఒక దినమునకు మించిన ప్రయాణము. అయితే కొడుకునో కూతునో చూచుటకు అమెరికా సంయుక్తరాష్ట్రములకు పోవు తల్లిదండ్రులు మనలో నెందఱో కలరు. మా వదినగారి కుమారుడు డల్లాసులో నున్నాడు. అచ్చటినుండి లీమాకు తిన్నగ విమానము కలదు. ఏడు గంటల పాటి ప్రయాణము. డల్లాసునుండి లీమాకు, లా పాజ్ నుండి డల్లాసునకు కలిపి మాకు మనిషికి 78,000 రూపాయలైనది. ఎటులైనను పిల్లలను చూడబోవు సంవత్సరముననే ఈ యాత్రను జతచేసికొనినచో పెద్ద టిక్కెట్టు వ్యయము రెండుమాఱులు పడదు.

వీసా విషయమునను అదే మేలు. అమెరికా, కెనడా, బ్రిటను, ఆస్ట్రేలియా దేశముల వీసాగాని, ఐరోపావారి షెంగెను వీసాగాని చెల్లుబాటులో నున్న భారతీయులను పెరూ ప్రభుత్వమువారు 2017 నుండి వేఱు వీసా లేకయే రానిచ్చుచున్నారు. ఆ వీసాకు ఇంకను ఆఱు నెలల గడువుండవలెను. అమెరికాకు తిరిగి రావలసినవారి వీసా పలుమాఱులు ప్రవేశింప వీలుగలదై యుండవలెననుట చెప్పనక్కఱలేదు. బొలీవియాకు మాత్రము మేము పోయినప్పుడు భారతీయులకు వీసా కావలసియుండెను. ఇట్టి నియమములు తఱచుగ మారును. టిక్కెట్టు కొనకముందే ఆ దేశపు రాయబార కార్యాలయమువారిని అడుగుట మంచిది.

ఇక పచ్చజ్వరపు టీకా. ఎల్లో ఫీవరు అని వైద్యులు చెప్పు ఈ జ్వరము ఆ ఖండములోని పెక్కుదేశములలో కలదు. పెరూ, బొలీవియా, బ్రెజిలు ఆ పట్టికలోనివే. ఆ దేశములు వదలిన ఆఱు దినములలోపల టీకా పత్రము లేక భారతదేశమున దిగినవారిని ఆ గడువు తీఱువఱకు విమానాశ్రయపు అధికారులు వేఱుగ నుంచవచ్చును. ఇంటిముంగిటికి వచ్చి ఇల్లు చేరలేని దురవస్థ యిది. ప్రయాణమునకు పదిదినముల ముందు ఒక్కమాఱు టీకా వేయించుకొనిన, 2016 నుండి వచ్చిన నియమము ప్రకారము, జీవితాంతము చెల్లును. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలోను, విశాఖపట్టణపు రేవు ఆరోగ్య కార్యాలయములోను వేయుదురు. అరువది దాటినవారు మాత్రము వైద్యుని యడిగి, ఆయన సరేయన్న పిమ్మటనే వేయించుకొనవలెను.

ఋతువులను గూర్చి. భూమధ్యరేఖకు దక్షిణమున మన యెండకాలము వారి చలికాలము. ఆండీసు కొండలలో డిసెంబరు మొదలు మార్చివఱకు వానలు. మే మొదలు సెప్టెంబరువఱకు ఆకాశము తెఱపియై యుండును. జూను, జూలై, ఆగస్టు మాసములలో లోకమంతయు అచ్చటికే వచ్చును; జూను 24న కుస్కోలో జరుగు సూర్యోత్సవమునకు గదుల వెలలు మిన్నంటును. మే నెల రెండింటి నడుమది: వానలు వెలసినవి, జనము రాలేదు. అది మన బడుల వేసవి సెలవులతో కలియుట మన భాగ్యము. రాత్రులు మాత్రము గట్టి చలి. అందుకని ఇచ్చటనే ఉన్నిబట్టలు కొని మోయవద్దు. ఉన్ని పుట్టిన దేశమునకే పోవుచున్నాము. టోపీ, చేతితొడుగులు, మేజోళ్లు అచ్చటి సంతలో చవుక.

లీమా సముద్రపుటొడ్డున నున్నది. కుస్కో 3,400 మీటర్ల యెత్తున, అనగా తిరుమలకంటె మూడింతలకు మించిన యెత్తున నున్నది. యాత్రికులు పెక్కుమంది లీమాలో విమానమెక్కి గంటన్నరలోపల కుస్కోలో దిగుదురు. గాలి పలుచన, తలనొప్పి, వాంతి, నిద్రపట్టకపోవుట. రెండు మూడు దినములు గదిలో పడియుండి, ఆ దినములకు అద్దెయు వైద్యునికి రుసుమును చెల్లింతురు. మేము లీమానుండి బస్సులో పదునాఱు గంటలు ప్రయాణము చేసి 2,300 మీటర్ల పైచిల్లర యెత్తుననున్న అరెకిపా చేరి నాలుగు దినములు నిలిచితిమి. తెల్లని అగ్నిపర్వత శిలతో కట్టిన పట్టణమది. దాని వెనుక మీస్తి యను కొండ 5,822 మీటర్ల యెత్తున నిలిచియుండును. 1579లో స్థాపించిన సంత కతలీనా సన్న్యాసినీమఠము అచ్చట తప్పక చూడదగినది. ఊరిలో ఊరు వంటిది. గొప్పయింటి ఆడుబిడ్డలు కట్నము తెచ్చి ప్రవేశించి, ఎవరి వంటిల్లు వారు పెట్టుకొని, గోడ దాటక జీవించిన చోటది. 1970 వఱకు బయటివారికి దాని తలుపులు తెఱచుకొనలేదు. ఆ పొయ్యిలను, ఆ నీళ్లతొట్లను చూచుచు వదినగారు మాటలేక చాలసేపు నిలుచుండిపోయిరి.

బస్సులను గూర్చి రెండు మాటలు. ఆ దేశపు దూరపు బస్సులు మంచివి; ఆసనము ఇంచుమించు మంచముగ వాలును. రాత్రి బస్సెక్కిన ఆ రాత్రి గది యద్దె మిగులునని అందఱును చెప్పుదురు. సముద్రతీరపు దారిలో మేమును అట్లే చేసితిమి. కాని కొండదారిని పగటి బస్సులనే యెక్కితిమి. మలుపులు చెడ్డవి, మఱియు చీకటిలో చూడదగినదేదియు కనబడదు. చీకటి పడినపిమ్మట క్రొత్త యూరు చేరు బస్సును ఎన్నడును ఎక్కలేదు. ఇరువురు ఆడువారు రాత్రివేళ మూటలతో బసకై వెదకుట కంటె ఒక పూట అద్దె ఎక్కువిచ్చుట మేలు.

బసకు హోటళ్లకంటె కుటుంబములు నడపు చిన్న సత్రములు మాకు నచ్చినవి. ఇరువురికి గది 90 సోళ్లు. అప్పుడు సోలు సుమారు 23 రూపాయలు. ఇచ్చట యాత్రికులలో పలువురికి తెలియని సంగతి యొకటి కలదు. పెరూలో గది యద్దెమీద పన్ను నూటికి 18 చొప్పున పడును. అయితే అరువది దినములకు మించక యుండు విదేశీయులకు అది లేదు. పాస్‌పోర్టును, ప్రవేశించిన ముద్రను చూపినచో తీసివేయుదురు. అడుగనిచో తమంతట చెప్పువారు తక్కువ. కొలంబియాలోను విదేశయాత్రికులకు ఇట్టి మినహాయింపు కలదు. చిలీలో డాలర్లతోగాని విదేశపు కార్డుతోగాని చెల్లించినవారికి నూటికి 19 తగ్గును. అర్జెంటీనాలో విదేశపు కార్డుతో చెల్లించిన బసకు 21 చొప్పున పన్ను 2017 నుండి లేదు. ఇరువది రాత్రుల బసలో ఇది నాలుగు రాత్రుల యద్దె యగును. సత్రములో దిగునప్పుడే "పన్ను కలిపియా, కలుపకయా?" అని యడుగుట అలవాటు చేసికొనవలెను.

భోజనవిషయము మన పత్రిక చదువువారికి ప్రధానము గనుక కొంచెము విపులముగ వ్రాయుదును. పెరూలో "మెనూ" అనిన వంటకముల పట్టిక కాదు. అది మన హోటళ్లలోని మీల్సు వంటి మధ్యాహ్నభోజనము. ఒక గిన్నెడు చారు, ఒక పళ్లెము అన్నమును కూరయు, త్రాగుటకు పండ్లరసము – అన్నియు కలిసి సంతలలో 10 మొదలు 15 సోళ్లు. అదే భోజనము కుస్కో నడిబజారులోని యాత్రికుల హోటలులో 50 సోళ్లు. బొలీవియాలో దీనినే "అల్ముయెర్సో" అందురు. పగలు కడుపునిండ తిని, రాత్రి రొట్టె, జున్ను, అవకాడోపండుతో సరిపుచ్చుకొనుట మా పద్ధతి. శాకాహారులకు మాత్రము చిక్కులు కలవు. మాంసము వద్దనిన కోడికూర తెచ్చి పెట్టుదురు. వారి లెక్కలో కోడి మాంసము కాదు. కావున "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" – మాంసము లేక, కోడి లేక, చేప లేక – అని మూడును చెప్పవలెను. చారు ఎముకల నీటితో కాచినదై యుండును. నేను దానిని వదలి గ్రుడ్డుతో గాని జున్నుతో గాని బంగాళాదుంప నడిగితిని. దుంపలకు కొదువ లేదు. ఆ దేశమున మూడువేలకు మించిన రకములు కలవు. వానిని కాపాడుటకే లీమాలో 1971 నుండి అంతర్జాతీయ పరిశోధనసంస్థ యొకటి పనిచేయుచున్నది. ఊదారంగువి, నల్లనివి, వంకరటింకరవి, వ్రేలంతటివి – సంతలో రాశులు పోసియుండగ చూచినచో మన యింటి దుంపకూర యెంత పేదదో తెలియును.

ఇంటినుండి బియ్యము, కందిపప్పు కట్టుకొనిపోయి వండుకొందమను ఆలోచన కూడదు. ఆ యెత్తున నీరు ఎనుబదితొమ్మిది డిగ్రీలకు లోపలనే మరగును. కుక్కరు లేనిచో పప్పు గంటలకొలది ఉడుకదు. కారప్పొడి, చింతకాయపచ్చడి సీసా చాలును. నిజమునకు కారమునకై వెదుకుకొననక్కఱలేదు. మిరపకాయ ఆ ఖండమునుండియే మనకు వచ్చినది. వేరుసెనగ, బంగాళాదుంప కూడ అచ్చటివే. బొలీవియాలో ప్రతి భోజనమునకును "యాహ్వా" అను పచ్చడి పెట్టుదురు. టమాటాలను, లొకోతో అను కండగల మిరపకాయను, ఒక సువాసనగల ఆకును "బటాన్" అను బండమీద నూరిన పచ్చడి యది. మొదటి ముద్ద తినగానే వదినగారు, "ఇందులో ఉల్లిపాయ దంచి వేసిన మన రోటిపచ్చడే కదమ్మా" అనిరి.

సంతలో అమ్ము స్త్రీలతో స్నేహము చేసికొనుట మఱియొక లాభము. అమ్మునామె కొనునామెను "కసెరీతా" అనును. కొనునామెయు ఆమెను "కసేరా" అని పిలుచును. మూడు దినములు ఒక్కరియొద్దనే కొనిన నాలుగవ దినమున తూకము మొగ్గును. పైగా "యాపా" అనునది కలదు. కెచువా భాషనుండి వచ్చిన ఆ మాటకు మన "కొసరు" అనుదానికంటె సరియైన అర్థము వేఱొకటి లేదు. పండ్లు తూచిన పిమ్మట చేయి చాపి నవ్వుచు "యాపా?" అనిన, ఒక పండు వేయకపోదు.

మాచుపీచు లేక ఈ యాత్ర లేదు. మఱియు సొమ్ము పోవుటకు అంతటి చోటును లేదు. ప్రవేశపు టిక్కెట్టు విదేశీయులకు 152 సోళ్లు. అనుదినము ఇందఱేయని లెక్క కలదు గనుక ప్రభుత్వమువారి వెబ్‌సైటులో నెలలకు ముందే కొనవలెను. దళారులు అదే టిక్కెట్టునకు ఇంకొక వంద చేర్చుదురు. టిక్కెట్టుకంటె దారి ఖరీదైనది. కొండక్రింది యూరికి మోటారుబాట లేదు. ఒల్లంతాయ్‌తాంబోనుండి రైలు, విదేశీయులకు రానుపోను 130 డాలర్లైనది. చవుకగ పోవు మార్గము వేఱొకటి కలదు: కుస్కోనుండి ఆఱేడు గంటలు వ్యానులో పోయి జలవిద్యుత్కేంద్రమువద్ద దిగి, పట్టాలవెంట పదికిలోమీటర్లకు మించి నడచుట. వదినగారు దీనికే పట్టుపట్టిరి. "మా యూరి బడికి దినమునకు ఎనిమిది మైళ్లు నడచినదానను" అనిరి. మాయిద్దఱికిని ఒక సాయంకాలమంతయు వాదము జరిగినది. వ్యానులో కొండలోయల మలుపులు, మఱునాడు కోటలోని మెట్లు, అరువదిమూడేండ్ల మోకాళ్లు – ఇవన్నియు లెక్కవేసి రైలునకే సొమ్ము పెట్టితిమి. అయితే కొండపైకి బస్సునకు 12 డాలర్లిచ్చి యెక్కి, దిగునప్పుడు మెట్లవెంట నడచి రెండవ 12 డాలర్లు మిగిల్చితిమి. ఆ కోటను గూర్చి వ్రాయ మొదలిడిన వేఱొక వ్యాసమగును. మంచు విడిపోయి ఆ మెట్లపొలములు ఒక్కొక్కటిగ బయటపడుచుండగ మేము కూర్చున్న గంటసేపునకు వెల కట్టుట నాకు చేతకాదు.

కుస్కో చుట్టునున్న పదునాఱు స్థలములకు కలిపి 130 సోళ్లకు ఒక్క టిక్కెట్టు కలదు. పది దినములు చెల్లును. మూడు స్థలములు చూచినను ఇదియే తీసికొనవలెను. ఏలయన వానిలో ముఖ్యమైనవానికి వేఱు టిక్కెట్టు అమ్మరు. కాలినడకన మాచుపీచు చేరు ప్రసిద్ధమైన ఇంకాబాటకు అనుదినము కూలివారితో కలిపి 500 మందికే అనుమతి. అది మావంటివారికి కాదు. ఆ మూటలు మోయు కూలివానికి 20 కిలోలకు మించరాదని అచ్చట చట్టము కలదు. అన్నిటికంటె తక్కువ ధర చెప్పు సంస్థ ఆ తగ్గింపును ఎవరి వీపునుండి తీయుచున్నదో పోదలచిన యువతులు అడిగి తెలిసికొనవలెను.

ఆదాచేయుటకు తగనిచోటు మాకు చించెరో గ్రామమున కనబడినది. అచ్చటి స్త్రీలు నడుమునకు మగ్గము కట్టుకొని నేలమీద కూర్చుండి నేయుదురు. బ్రహ్మజెముడు మొక్కమీద పెరుగు పురుగును నలిపి ఎఱ్ఱరంగు తీయుదురు. దానిలో నిమ్మరసము పడిన ఒక చాయ, ఉప్పు పడిన వేఱొక చాయ. నశించిపోవుచున్న ఈ విద్యను నిలుపుటకు నీల్డా కల్యన్యౌపా అను నేతకత్తె 1996లో తోడివారితో కలిసి కుస్కోలో నేతకేంద్రము స్థాపించెను. బస్సు నిలుచు ప్రతిచోటను "అల్పాకా ఉన్ని" యని 40 సోళ్లకు అమ్మునవి పెక్కులు యంత్రముపై నేసిన కృత్రిమపు నూలు; వానికి బేరమాడవచ్చును, కొనకయు పోవచ్చును. చేనేత శాలువ 280 సోళ్లు చెప్పిరి. వదినగారు చీరాలలో పుట్టి మగ్గపు చప్పుడుమధ్య పెరిగినవారు. బేరమునకు పెట్టినది పేరు. శాలువను వెనుకకు త్రిప్పి, అంచు వ్రేళ్లతో తడవి, "ఎన్ని దినములు?" అని సైగచేసి యడిగిరి. ఆమె మూడు వారములని చూపెను. వదినగారు మాఱుమాటాడక నోట్లు లెక్కపెట్టిరి. దానికై మఱునాడు మేము కారునకు మారుగా అద్దెవ్యానులో తొమ్మిదిమందితో ఇఱుకుకొని ప్రయాణము చేసితిమి.

తీతికాకా సరస్సు 3,812 మీటర్ల యెత్తున నున్నది. దాని యొడ్డుననున్న పునో పట్టణమున రెండవరాత్రి వదినగారికి ఊపిరి సరిగ ఆడలేదు. సత్రపు యజమానురాలు రాత్రి రెండుగంటలకు లేచి ప్రాణవాయువు సీసా తెచ్చి అమర్చెను; తెల్లవాఱిన పిమ్మట వైద్యుడు వచ్చి రెండు దినములు కదలవద్దనెను. ఆ తరువాత ఉయూనీయను ఉప్పుమైదానమునకు పోవలెనని మా యుద్దేశము. పదివేల చదరపు కిలోమీటర్ల తెల్లని నేల యది. దానికై వదినగారు ఏండ్లుగ బొమ్మలు కత్తిరించి దాచుకొన్నారు. మానివేసితిమి. బస్సుగాని బసగాని ముందుగ కొనలేదు గనుక ఒక్క రూపాయయు నష్టము రాలేదు. చవుకగ దొరకుచున్నదని అన్నియు ముందే కొనియుంచువారికి ఈ స్వేచ్ఛ యుండదు. మాచుపీచు, విమానము – ఈ రెండింటికి తప్ప మఱిదేనికిని ముందు చెల్లింపరాదని నా యభిప్రాయము. వైద్యునికిని ప్రాణవాయువునకును 9,000 రూపాయలైనది. రోగమునకని వేఱుగ నుంచిన 60,000లో నుండి ఇచ్చితిమి. ఎత్తైన ప్రదేశములలోని జబ్బునకు వర్తించునో లేదో చూచియే బీమా కొనవలెను. రక్తపుపోటుగల వదినగారు బయలుదేఱకముందే వైద్యుని యడిగి మాత్రలు తెచ్చుకొని యుండుట ఆ రాత్రి మాకు కొండంత యండయైనది. కోకా ఆకు కషాయము ఆ దేశములలో అందఱును త్రాగుదురు, కొంత ఉపశమనమును కలుగును. కాని ఆ యాకును అమెరికాకుగాని మన దేశమునకుగాని తేరాదు, నేరమగును.

వదినగారు విశ్రమించిన దినమున నేనొక్కతెనే తకీలే ద్వీపమునకు పడవలో పోయి వచ్చితిని. అచ్చట మగవారు నడచుచు, మాటలాడుచు టోపీలు అల్లుదురు. ఆ ద్వీపపు నేతను యునెస్కోవారు 2005లో గౌరవించిరి.

పునోనుండి బొలీవియా పోవు దారిలో తికీనా జలసంధి వచ్చును. బస్సు నొక బల్లకట్టు మీదికెక్కించి, మనలను చిన్న పడవలో దాటింతురు. చిల్లర చేత నుంచుకొనవలెను. లా పాజ్ ఒక గిన్నెవంటి లోయలో నున్నది. 2014 నుండి ఆ నగరమున తీగెమార్గముల మీద బండ్లు నడచుచున్నవి. మన సిటీబస్సు వలె జనులు పనులకు పోవుట కెక్కు వాహనములవి; కొలది బొలివియానోలకు నగరమంతయు కాళ్లక్రింద కనబడును. గుండ్రని టోపీ, కుచ్చెళ్ల పరికిణీ ధరించిన స్త్రీలు కూరగాయల మూటలతో మా యెదుట కూర్చుండిరి. ఇంతకంటె మేలైన నగరదర్శనము ఏ యాత్రాసంస్థవారును చూపలేరు.

సొమ్ము మార్చుకొను విషయమున జాగ్రత్త కావలెను. బొలీవియాలో ప్రభుత్వపు ధర డాలరునకు 6.96గ ఏండ్లతరబడి నిలిచియుండగా, 2023 నుండి డాలర్ల కొఱతచేత బజారు ధర పెరిగి, మేము పోయిన మే నెలలో ఇంచుమించు రెట్టింపైనది. బ్యాంకు కార్డు వాడినవారికి వస్తువులన్నియు రెండింతల ఖరీదు. అర్జెంటీనాలోను చిరకాలము ఇట్లే యుండెను; 2025 ఏప్రిలులో అచ్చట కట్టుబాట్లు సడలి ఆ వ్యత్యాసము తగ్గినది. ఏ దేశమునకు పోవువారైనను ఆ నెలలోని స్థితి తెలిసికొని పోవలెను. డాలరు నోట్లు క్రొత్తవిగ, మడత చిరుగు లేక యుండవలెను. అంచు చిరిగిన నోటును ముట్టరు. వీథిలో నిలుచుండి పిలుచువారియొద్ద గాక, దుకాణములో కూర్చున్నవారియొద్దనే మార్చితిమి. కార్డుతో చెల్లించునప్పుడు యంత్రము "రూపాయలలోనా?" అని యడిగిన వలదని, ఆ దేశపు నాణెములోనే యనవలెను; లేనిచో మారకపుధర వారి యిష్టము.

మా పద్దు ఇది, మనిషి యొక్కింటికి: విమానము 78,000, బీమా, వీసా, టీకాలు 11,000, బస్సులు 8,000, బస 22,000, భోజనము 23,000, మాచుపీచు దారిఖర్చులతో 16,300, కుస్కో టిక్కెట్టు 3,000, పడవలు, టాక్సీలు, చిల్లర ప్రవేశములు 15,000, నేతబట్టలు 11,000. మొత్తము 1,87,300 రూపాయలు, వైద్యుని ఖర్చు కాక. డల్లాసు రాకపోకల టిక్కెట్టు ఇందులో చేర్చలేదు. అది లేక ఇచ్చటినుండియే బయలుదేఱువారు దీనికి మఱియొక లక్ష వఱకు చేర్చుకొనవలసి యుండును.

బొలివియానోలను ఆ దేశపు ఎల్ల దాటిన పిమ్మట మార్చువారు అరుదు గనుక చివరి దినమున చేతనున్నదంతయు వ్యయము చేసివేయవలెను. మాయొద్ద నలువది మిగిలినవి. వదినగారు ఉదయమే సంతకు పోయి వానితో కినువా గింజలు రెండు పొట్లములు కొనిరి. అమ్మునామె డబ్బు పుచ్చుకొని, అడుగకయే, యాపాగా గుప్పెడు వేయించిన వేరుసెనగలు వదినగారి కొంగులో పోసెను.